పాంతెలిస్ గారి పేరుపండగ

1912 జూలై 9

జెండాకి చారలుండాలా వద్దా అన్నది ఇవాళ కూడా తేలలేదు.

మా హాల్లో ఇది ఆరో సమావేశం. పదకొండు మంది మగవాళ్ళు మూడు గంటలసేపు కూర్చున్నారు. మేనత్తా నేనూ కాఫీలు మోసి మోసి చేతులు పడిపోయాయి. కెప్టెన్ థ్రాసోస్ సముద్రంలో స్పాంజి తీసే పడవల మీద అరిచి అరిచి అలవాటైన గొంతుతో మా కిటికీ గాజు పలకలు అదిరేలా అంటాడు: "మనది దీవి! చుట్టూ నీళ్ళు! ఓడ జెండానే ఎగరాలి, చారలుండాలి!" ఫాదర్ జకారియాస్ గడ్డం నిమురుకుంటూ, "మనం నేలమీద నిలబడి ఎగరేస్తున్నామా, నీళ్ళలో మునిగి ఎగరేస్తున్నామా? నీలం మీద తెల్ల సిలువ, అంతే" అంటాడు. ఇద్దరూ కలిసి నాన్న వైపు తిరుగుతారు. పద్నాలుగేళ్ళుగా ఊరి పెద్ద కదా, ఆయన తేల్చాలి.

నాన్న కాఫీ అడుగున మిగిలిన మడ్డిని చూస్తూ, "రెండూ బాగానే ఉన్నాయి. ఆలోచిద్దాం" అన్నారు.

ఆలోచిద్దాం! వసంతంలో పక్క దీవుల్లోకి ఇటాలియన్లు దిగారు, సుల్తాను పట్టు ఎక్కడికక్కడ జారిపోతోంది, మొత్తం ఎనిమిది మంది సిపాయిలున్న మా దీవిలో మేం ఇంకా ఆలోచిస్తున్నాం. స్మిర్నాలో నాలుగేళ్ళు చదివి నేను తిరిగొచ్చింది ఈ కప్పులు కడగడానికి.

మగపిల్లల బడి మాస్టారు యాంగోస్ జైల్లో పడి ఇవాళ్టికి ఆరు రోజులు. తరగతి గోడ మీద పటం వేశాడు, అందులో మా దీవికి కూడా గ్రీసు రంగే వేసి ఉంది. నేరం అంతే. నీలం ఎవరిచ్చారని అడిగారట, చెప్పలేదట. చెప్పకపోతే మానె. నాకేం.

జూలై 11

జైలుకి అన్నం అత్త పట్టుకెళ్తోంది. ఖాళీ గిన్నెలో, మా దీవి కుర్రాళ్ళు మనసైనవాళ్ళకి ఇచ్చే తులసి రెమ్మ ఒకటి పెట్టి పంపాడు యాంగోస్. అత్త వంట నచ్చి ఉంటుంది.

జూలై 13

కూర్చున్నారు. లేచారు. చారలు తేలలేదు.

జూలై 15

ప్రతి సోమవారంలాగే నూరి బేయ్ వచ్చాడు. దీవికి సుల్తాను పంపిన అధికారి తావ్లీ పలక ముందు కూర్చుంటే మా నాన్న పాచికలు వేస్తారు. పదకొండేళ్ళుగా ఇదే తంతు. ఆయన బొద్దుగా, కాస్త ఆయాసపడుతూ, మా ఇంటి తీపి తప్ప లోకంలో దేన్నీ కళ్ళెత్తి చూడని మనిషి. ట్రే పట్టుకెళ్ళాను. ఓ చెంచా చెర్రీ పాకం నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెంచాని మంచినీళ్ళ గ్లాసులో వేశాడు.

పావు కదుపుతూ అన్నాడు: "పాంతెలిస్ ఎఫెందీ, ఆ మాస్టారి విషయం. ఇరవై ఎనిమిదిన వచ్చే ఓడలో స్మిర్నా కోర్టుకి పంపమని తాఖీదు వచ్చింది."

"అక్కడ్నించి?"

"అక్కడ్నించి నా చేతుల్లో ఉండదు."

అక్కడికి వెళ్ళినవాళ్ళు వెనక్కి రావడం మేం చూడలేదు. నాన్న ఏమన్నారు? "మీ వంతు" అన్నారు! పాచికలు ఆయన చేతిలో పెట్టి, మీ వంతు అన్నారు. నేను ట్రే బల్లమీద కుదేశాను. గ్లాసులు గలగలమన్నాయి. ఎవరూ తలెత్తలేదు.

జూలై 16

బట్టలకి వేసే నీలిమందు డబ్బా కనపడడం లేదని అత్త ఇల్లంతా వెతికింది. "నువ్వు చూశావుటే ఫ్రోసో?" అంది. లేదన్నాను.

ఇక్కడైనా రాయాలి. చూశాను. నేనే తీసుకెళ్ళాను. పటం వేసిన రోజు సాయంత్రం బడిలో గ్రీసు అంతా యాంగోస్ వేశాడు. కుంచె నా చేతికిచ్చి, "మన దీవి నువ్వు వెయ్యి" అన్నాడు. వేశాను. గోరంత చోటు. వాళ్ళు పట్టుకున్నది ఆ గోరంత చోటు చూసే.

నేనూ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్నే, తోటి ఉపాధ్యాయుడు కాబట్టి బాధ. అంతకన్నా ఏమీ లేదు.

జూలై 18

చివరికి ఒక తారీఖు దొరికింది. ఇరవై ఏడు. సాధువు పాంతెలిమోన్ పండగ, అంటే ఆ సాధువు పేరు పెట్టుకున్న నాన్నకి పేరుపండగ. ఆ రోజు దీవిలో ప్రతి ఊరి నుంచీ మనుషులు మా ఇంటికి వస్తారు, శుభాకాంక్షలు చెప్తారు, తీపి తింటారు. ఎవరూ అనుమానించరు. కొండ ఊళ్ళవాళ్ళు కానుకగా తెచ్చే రొట్టెల బుట్టల్లో, గుడ్డ కింద, తుపాకులు తెస్తారు. మర్నాడు ఓడ వచ్చేసరికి జైలు తలుపులు తెరిచి ఉంటాయి.

ఈ ఆలోచన చెప్పింది అత్త, ఉల్లిపాయలు తరుగుతూ. పావుగంటకల్లా అది కెప్టెన్ ఆలోచన అయిపోయింది. అత్త తరుగుతూనే ఉంది. నాకే ఒళ్ళు మండింది.

"నీకెందుకే మంట?" అంది అత్త. "జరగాల్సింది జరిగితే చాలదూ?"

చాలదు.

జూలై 20

నాన్న వంటింట్లోకి వచ్చారు. తుపాకుల సంగతి మాట్లాడతారనుకున్నాను.

"చెర్రీలు గింజ తీశారా? పాకం పలచగా ఉండకూడదు. పోయినసారి కొంచెం జారింది."

"నాన్నా, తిరుగుబాటుకి పాకం ఏ పదును మీదుంటే ఏం?"

"వచ్చేవాళ్ళు నోరున్న మనుషులు కదమ్మా" అని వెళ్ళిపోయారు.

జూలై 22

సోమవారం. తావ్లీ. తలుపు వేసుకుని ఆడారు. లోపల్నించి పాచికల చప్పుడు కూడా వినపడలేదు. ఇద్దరూ కునుకు తీసి ఉంటారు.

రెండు రకాల జెండాలూ కుట్టేస్తున్నాను. వాళ్ళు తేల్చేసరికి నాకు పళ్ళూడిపోతాయి.

జూలై 24

ఇవాళ జరిగింది రాస్తే ఎవరూ నమ్మరు. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

అంతా సిద్ధం. నూట నలభై మంది వస్తారు. నూరి బేయ్ కూడా ఏటా వచ్చినట్టే పది గంటలకి నలుగురు సిపాయిలతో వస్తాడు. ఆయన్ని అక్కడే పట్టుకుంటే జైలు తాళాలు చేతికొస్తాయి, పని అయిపోతుంది. కెప్టెన్ ఇదంతా వేళ్ళమీద చెప్పాక నాన్న నెమ్మదిగా అన్నారు:

"ఒక్కటే మాట. నా ఇంటి తీపి తిన్నవాడిమీద నా ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యకూడదు."

కెప్టెన్ మడిచిన వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

"పోనీ అన్నా, వచ్చేటప్పుడు పట్టుకుందాం" అన్నాడు కెప్టెన్. "మెట్ల దగ్గర."

"పండగకి బయల్దేరినవాడు బయల్దేరినప్పట్నించీ నా అతిథే."

"వెళ్ళేటప్పుడు?"

"ఇల్లు చేరేదాకా నా అతిథే."

"ఇల్లు చేరాక!"

"ఆయనింటికి మనం వెళ్తే మనం ఆయనకి అతిథులం. అతిథి తుపాకీ తీస్తాడా?"

కెప్టెన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "అయితే ఆయన ఈదుకుంటూ సముద్రం మధ్యలోకి వెళ్ళాలి, మనమూ ఈదుకుంటూ వెళ్ళి పట్టుకోవాలి! మన దగ్గర ఓడ జెండా కూడా తేలలేదు!"

అందరూ నవ్వారు. నాన్న కూడా. అంత మంట నాకెప్పుడూ రాలేదు. ఒక మనిషి ప్రాణం ఓడ ఎక్కబోతోంది, వీళ్ళు నవ్వుతున్నారు.

వెళ్ళిపోతూ ఫాదర్ జకారియాస్ గుమ్మం దగ్గర సర్దిచెప్పబోయాడు: "అంటే పాంతెలిస్, చెంచా నోట్లోకి వెళ్ళాకే కదా అతిథి అయ్యేది. అంతవరకూ వట్టి మనిషే."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

జూలై 25

గిన్నెలో ఇవాళ తులసి లేదు.

జూలై 26

పాకం ముదిరింది. ఏదో ఆలోచిస్తూ పొయ్యిమీద వదిలేశాను. అత్త తిట్టింది. తిట్టనీ.

నాన్న పిరికివాడు. రాశాను. కొట్టెయ్యను.

జూలై 27, సాయంత్రం

ఇవాళే రాయాలి. వరసగా రాస్తాను.

పొద్దున చర్చి నుంచి రాగానే ఇల్లు నిండిపోయింది. హాల్లో, మెట్ల మీద, వాకిట్లో ద్రాక్షపందిరి కింద ఎక్కడ చూసినా జనమే. గోడ పొడవునా రొట్టెల బుట్టలు పేర్చారు. ఒక్క బుట్టలోంచీ రొట్టె వాసన రాలేదు. అందరూ "నూరేళ్ళు చల్లగా ఉండు పాంతెలిస్" అని చెప్పి, తీపి తిని, నీళ్ళు తాగి, లేవకుండా కూర్చున్నారు. కాఫీ ఇచ్చామంటే ఇక లేవాలని అర్థం. అందుకని కాఫీ ఇవ్వలేదు.

పది గంటలకి నూరి బేయ్ వచ్చాడు. ఇస్త్రీ కోటు, నడుముకి కత్తి, చేతిలో ఎప్పటిలాగే కాఫీ గింజల పొట్లం. నలుగురు సిపాయిలు వాకిట్లో నిలబడ్డారు. ఆయన బుట్టల వైపు చూశాడు, తర్వాత మనుషుల వైపు, తర్వాత నాన్న వైపు. "పండగ శుభాకాంక్షలు, పాంతెలిస్ ఎఫెందీ. ఈ ఏడు జనం బాగా వచ్చారు" అన్నాడు. నాన్న ఆయన్ని తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు.

నేను ట్రే తీసుకుని బయల్దేరాను. ఫాదర్ జకారియాస్‌కి ఇచ్చాను. ఆయన పక్కనున్న ముసలాయనకి ఇచ్చాను. తర్వాత నూరి బేయ్. ఆయన అప్పటికే చెయ్యి చాపాడు.

నేను ఆగలేదు. ఆ చేతిని దాటి వెళ్ళి, ట్రే కెప్టెన్ ముందు పట్టుకున్నాను.

తినకపోతే అతిథి కాడు. అతిథి కాకపోతే నాన్న మాట అడ్డురాదు. మూడు రోజులుగా నా బుర్రలో తిరుగుతున్నది ఇదే. అంత తెలివైన పని నేను జీవితంలో చెయ్యలేదనుకున్నాను.

నూట నలభై మంది చూశారు. నూరి బేయ్ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా మోకాలి మీదికి దించుకున్నాడు. మొహం జేగురు రంగైంది. లేచాడు.

"నేను పొరపాటు పడ్డట్టున్నాను" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నడిచాడు. గుమ్మం దాటాడు. ఆయన మొహం చూసి వాకిట్లో నలుగురు సిపాయిలూ తుపాకులు భుజం మీంచి దించారు. తుపాకుల గొళ్ళేలు లాగిన చప్పుడు విన్నాను. కెప్టెన్ చెయ్యి బుట్టలోకి వెళ్ళింది. గోడ పొడవునా చేతులన్నీ గుడ్డల కిందికి వెళ్ళాయి. ఆ వాకిట్లో మూడేళ్ళ పిల్లలు కూడా ఉన్నారు.

అప్పుడు నాన్న పరుగెత్తారు.

ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నా ట్రేలోంచి ఒక చెంచా పాకం ఎత్తుకుని, అరవై రెండేళ్ళ మనిషి, పండగ చొక్కాతో, చెంచా కింద అరచెయ్యి పట్టుకుని, ఆ మనుషుల మధ్య నుంచి ఆ తుపాకుల ఎదురుగా వాకిట్లోకి పరుగెత్తారు. ఎర్రటి పాకం తెల్ల చొక్కా మీద బొట్లు బొట్లుగా పడింది. దూరం నుంచి చూస్తే ఇంకేదో అనిపించింది.

"నూరి బేయ్! నూరి బేయ్! నా కూతురికి చదువెక్కువై చూపు తగ్గింది. ఎదురుగా ఉన్న మనిషి కనపడడు. పండగ రోజు అతిథిని నోరు తీపి చెయ్యకుండా పంపిన పాపం నాకు అంటగట్టకండి."

నూరి బేయ్ వెనక్కి తిరగలేదు. ఒక సిపాయి వేలు ట్రిగ్గరు మీద బిగుసుకోవడం కనిపించింది. పిల్లవాడి మొహం, మీసం కూడా సరిగా లేదు.

తర్వాత నూరి బేయ్ తిరిగాడు. నాన్న చేతిలోంచి చెంచా తీసుకుని నిలబడే నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

"పాకం ముదిరింది" అన్నాడు.

"ముదిరింది" అన్నారు నాన్న. "మన్నించాలి."

ఇద్దరూ లోపలికొచ్చారు. కూర్చున్నారు. నాన్న అత్త వైపు చూసి, "కాఫీ" అన్నారు. ఇంతసేపూ రాని కాఫీ వచ్చింది. నూరి బేయ్ చివరి గుక్కదాకా తాగాడు. లేచి, అందరికీ వినపడేలా, "ఇంతమంది సాయుధుల మధ్య ఎనిమిది మందితో నేను చెయ్యగలిగింది లేదు, పాంతెలిస్ ఎఫెందీ" అని, నడుముకున్న కత్తి విప్పి, తాళాల గుత్తితో పాటు బల్ల మీద పెట్టాడు. బయట సిపాయిలకి తుర్కీలో ఏదో చెప్పాడు. వాళ్ళు తుపాకులు గోడకి ఆనించారు. మీసం రాని పిల్లవాడు ఏడ్చాడు. అత్త వాడికి రెండు చెంచాలు పెట్టింది.

అంతే. ఒక్క గుండు పేలలేదు. జనం కెప్టెన్‌ని భుజాల మీద ఎత్తుకుని రేవుకి పరుగెత్తారు. నేను కుట్టిన రెండు జెండాలూ ఎగరేశారు, ఇంటి మీద సిలువ, రేవులో చారలు. ఇన్ని సమావేశాల్లో ఎవరికీ తట్టని సంగతి.

ఇల్లు ఖాళీ అయ్యాక చూస్తే నాన్న వంటింట్లో చొక్కా చేతులు పైకి మడిచి గ్లాసులు కడుగుతున్నారు. చొక్కా మీద మరకలు అలాగే ఉన్నాయి.

"సోమవారం నాడే నూరి బేయూ నేనూ మాట్లాడుకున్నాం" అన్నారు, నా వైపు తిరగకుండా. "ఆయన రెండే అడిగాడు. తన సిపాయి పిల్లల్లో ఒక్కడికీ దెబ్బ తగలకూడదు. తనని దొంగలా వీధిలో పట్టుకోకూడదు. పండగ మర్యాద అంతా జరిగాక, నలుగురూ చూస్తుండగా తనే కత్తి దించుతాడు. పైవాళ్ళకి చెప్పుకోవడానికి ఆయనకీ ఒక మాట ఉండాలి కదా."

"నాకెందుకు చెప్పలేదు?"

"కెప్టెన్‌కి చెప్తే రేవంతా అరుస్తాడు."

"నేనడిగింది నా సంగతి, నాన్నా."

గ్లాసు వెలుగుకేసి పట్టి చూశారు. "నీకు చెప్తే ఆ పుస్తకంలో రాస్తావు. ఇంట్లో ఏ పుస్తకం ఎక్కడ దాక్కుంటుందో అందరికీ తెలుసు తల్లీ."

ఆయన ఇది చదివారా? నిన్న రాసింది చదివారా? అడగలేకపోయాను.

యాంగోస్ బయటికొచ్చాడు. గడ్డం పెరిగింది. నేను మేడ మీద నుంచి చూశాను. కిందికి దిగలేదు. ఏ మొహంతో దిగను?

జూలై 28

ఓడ వచ్చింది. రేవులో చారలు చూసి, దూరంగా ఆగి, రెండు కూతలు కూసి, వెళ్ళిపోయింది.

జూలై 29

సోమవారం. తావ్లీ లేదు. నూరి బేయ్‌నీ సిపాయిల్నీ కెప్టెన్ పడవలో అవతలి తీరానికి పంపారు. పాకం జాడీ ఒకటి నా చేతికిచ్చి రేవుకి రమ్మన్నారు నాన్న. ఎందుకని అడగలేదు.

జాడీ ఇచ్చాను. "ఆ రోజు నేను..." అని ఆగిపోయాను. స్మిర్నాలో నేర్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు.

ఆయన జాడీ మూత తీసి వాసన చూశాడు. "ఇది ముదరలేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పటం వేసిన మర్నాడు మీ ఇంటికి వచ్చాను, గుర్తుందా? నువ్వే ట్రే తెచ్చావు. నీ గోళ్ళ కింద నీలం ఉంది, మూడు వేళ్ళకి. బట్టల నీలం. మా ఆవిడ వాడేదీ అదే" అన్నాడు.

నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను, ఇప్పుడేదో అంటుకుని ఉన్నట్టు.

"కాగితంలో ఒక పేరే రాశాను" అన్నాడు. "అతను కూడా ఒక పేరే చెప్పాడు, తనది. మీ నాన్నకి ఒక్కతే కూతురు."

పడవ ఎక్కాడు. ఎక్కేటప్పుడు ఆయాసపడ్డాడు. నాన్న చెయ్యి అందించారు. పడవ కనుమరుగయ్యేదాకా ఇద్దరం నిలబడ్డాం. నాన్న నా చెయ్యి ఒకసారి తిరగేసి చూసి, వదిలేశారు.

జూలై 30

సమావేశం. పాంతెలిస్ గారి పేరు కూడలికి పెట్టాలా, కెప్టెన్ పేరు పెట్టాలా? పదకొండు మంది, మూడు గంటలు. నాన్న "ఆలోచిద్దాం" అన్నారు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కాఫీ మాత్రం ఇచ్చాను. అందరికీ, వరసలో, ఎవర్నీ దాటకుండా.

ఇరవై ఆరో తారీఖు దగ్గర రాసిన రెండో పేరా కొట్టేశాను.

మధ్యాహ్నం బడికి వెళ్ళాను. సర్కారు వాళ్ళు సున్నం కొట్టిన గోడ తెల్లగా ఉంది. యాంగోస్ బొగ్గుతో తీరాల గీతలు మళ్ళీ గీస్తున్నాడు. నేను అత్త కొన్న కొత్త నీలిమందు డబ్బా బల్ల మీద పెట్టాను, అందరూ చూస్తుండగా, అడిగి తెచ్చుకున్నదే.

"తులసి బాగుందా?" అన్నాడు, గోడ వైపే చూస్తూ.

"అత్తకి నచ్చింది" అన్నాను. తర్వాత, "ఎండిపోయింది. ఉంచాను" అన్నాను.

కుంచె ఇచ్చాడు. గోరంత చోటు, అంతే. వేశాను. అది ఆరేదాకా ఆగి, పటం అడుగున, ఎవరు అడిగినా కనపడేంత పెద్ద అక్షరాలతో, అతని పేరు పక్కన నా పేరు రాశాను.